కత్తి కంటే ముందు పరీక్ష

ధర్మవరం శాసనసభ్యులు, రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి శ్రీ సత్యకుమార్ యాదవ్ గారికి,
పెనుకొండ శాసనసభ్యురాలు, బీసీ సంక్షేమ, చేనేత జౌళి శాఖల మంత్రి శ్రీమతి సవిత గారికి,
హిందూపురం శాసనసభ్యులు, బసవతారకం ఇండో అమెరికన్ క్యాన్సర్ ఆసుపత్రి ఛైర్మన్ శ్రీ నందమూరి బాలకృష్ణ గారికి,



ముగ్గురికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను. విడివిడిగా రాస్తే ఇది ఇంకొకరు చూసుకుంటారులే అని ఎవరికి వారు అనుకునే వీలుంటుందని భయం. పైగా మా మూడు ఊళ్లూ ఒకే రైలు పట్టాల మీద ఉన్నాయి. ధర్మవరంలో ఎక్కితే పెనుకొండ, పెనుకొండ దాటితే హిందూపురం, అదీ దాటితే కర్ణాటక. ఆ రైల్లో బెంగళూరుకు కూలికి పోయేవాళ్లు ఉంటారు, కాలేజీ పిల్లలు ఉంటారు, పట్టుచీరల మూటలు పెట్టుకున్న వ్యాపారులు ఉంటారు. వాళ్ల నడుమ బట్టల దుకాణం కవరులో ఆసుపత్రి ఫైలు దోపుకుని, కొంగు నిండా కప్పుకుని, కిటికీ పక్కన ఒదిగి కూర్చున్న ఆడవాళ్లు కూడా ఉంటారు. వాళ్లను చూస్తే నాకు ఇట్టే తెలిసిపోతుంది. 34 ఏళ్లు ఏఎన్ఎంగా లేపాక్షి, చిలమత్తూరు, సోమందేపల్లి పల్లెల్లో తిరిగినదాన్ని. ఏ జబ్బుకు పోతున్నారో, ఎంత ఆలస్యంగా పోతున్నారో మొహం చెప్పేస్తుంది.

మీ ముగ్గురికే ఎందుకు రాస్తున్నానంటే, ఇలాంటి కలయిక మా సీమకు మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. 2024 ఎన్నికల తర్వాత ధర్మవరం ఎమ్మెల్యే రాష్ట్రానికంతటికీ ఆరోగ్య మంత్రి అయ్యారు. పెనుకొండ ఎమ్మెల్యే మగ్గాలకు మంత్రి అయ్యారు, ఆమె ఆడమనిషి కూడా. హిందూపురంలో మూడోసారి గెలిచిన బాలకృష్ణ గారు తెలుగువాళ్లందరికీ తెలిసిన క్యాన్సర్ ఆసుపత్రికి పెద్దదిక్కు. ఆ ఆసుపత్రి ఒక ఇల్లాలి చావు నుంచి పుట్టింది. బసవతారకమ్మ గారు 1984లో క్యాన్సర్‌తో పోయారు. ఆమె పేరున ఎన్టీఆర్ గారు తలపెట్టిన ఆసుపత్రి 2000 జూన్ 22న హైదరాబాదులో తలుపులు తెరిచింది. అమ్మను ఈ జబ్బుకు పోగొట్టుకున్న కొడుకుకు నేను చెప్పబోయేది కొత్తగా వివరించక్కరలేదు.

ముందు మా వదిన సంగతి చెబుతాను. మిగతా మాటలన్నీ దాని వెనకే వస్తాయి.

మా పుట్టిల్లు ధర్మవరం. మా అన్నది మగ్గం పని. వదిన తెల్లారి లేచింది మొదలు కండెలు చుట్టడం, అచ్చు అతకడం, పొయ్యి, పిల్లలు. ముట్లు నిలిచిపోయి నాలుగేళ్లయ్యాక ఒకరోజు మళ్లీ ఎర్రగా కనిపించింది. ఎవరికీ చెప్పలేదు. గుడ్డలు రాత్రిపూట ఉతికి పెరట్లో చీకట్లోనే ఆరేసుకుంది. నేతలో ఉన్న పట్టుచీర మీద ఎక్కడ మరక పడుతుందోనని మగ్గం ఉన్న గదిలోకి పోవడమే మానేసింది. ఇది మా అన్న నాకు తర్వాత చెప్పాడు. 'మగ్గం దగ్గరికి రావడం లేదేమిటే అంటే నడుము నొప్పి అనింది' అన్నాడు.

వీధిలోని ఆర్ఎంపీ వేడి చేసిందని మాత్రలు ఇచ్చాడు. మూడు నెలలు అలా గడిచాయి. తర్వాత ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయారు. దాని పేరు ఇక్కడ రాయను. స్కానింగ్ తీసి, గర్భసంచి వాచింది, పాడైపోయింది, ఉంచితే క్యాన్సర్‌కు తిరుగుతుంది అన్నారు. కాళ్లు మడిచి పడుకోబెట్టి లోపలికి స్పెక్యులం అనే పరికరం పెట్టి ఒక్కసారి కూడా చూడలేదు. ముక్క తీసి పరీక్షకు పంపలేదు. కమ్మలూ గాజులూ తాకట్టు పెట్టి ఆపరేషన్ చేయించారు. తీసిన గర్భసంచిని స్టీలు పళ్లెంలో పెట్టి తెచ్చి మా అన్నకు చూపించారట, చూడప్పా ఎట్ల ఉందో అని. ఆయన చూసి తల తిప్పుకున్నాడు. ఆ పళ్లెంలో ఉన్నది ల్యాబుకు మాత్రం పోలేదు.

ఎనిమిది నెలలకు మళ్లీ రక్తం. ఈసారి నాకు ఫోన్ చేసింది. 'నీకు చెప్పేకి సిగ్గైతాండె అమ్మీ. ఏమో వేడి అనుకుంటి' అంది. ఊరూరా తిరిగి ముక్కూమొహం తెలియని ఆడవాళ్లను కూడా ముట్టు సంగతులు అడిగినదాన్ని, సొంత వదినను ఒక్కసారి అడగలేదు. పండక్కి పోతే చీరల గురించి, పిల్లల పెళ్లిళ్ల గురించి మాట్లాడుకుని వచ్చేదాన్ని. ఇది నా తప్పే.

బెంగళూరులో ముక్క పరీక్ష చేస్తే గర్భసంచి మూతి క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్ నాటికే అది ఉండి ఉంటుందని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. మూతికి వచ్చిన క్యాన్సర్‌ను మొదట్లోనే పట్టుకుంటే దానికి చేసే ఆపరేషన్ వేరు. గర్భసంచితోపాటు చుట్టూ ఉన్న కండను, గ్రంథులను కూడా తీస్తారు. క్యాన్సర్ సర్జన్లు చేయాల్సిన పని అది. కాస్త ముదిరితే ఆపరేషన్ జోలికే పోరు, కరెంటు పెడతారు. మా వైపు రేడియేషన్‌ను కరెంటనే అంటాం. వారానికి ఐదు రోజుల చొప్పున ఐదు వారాలు బయటి నుంచి పెడతారు, వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే మందు ఎక్కిస్తారు. ఆ తర్వాత లోపలి కరెంటు. దాన్ని బ్రాకీథెరపీ అంటారు. సన్నటి గొట్టాన్ని మూతిలోంచి గర్భసంచి లోపలికి పంపి, గడ్డ ఉన్న చోటే రేడియేషన్ ఇస్తారు. గర్భసంచే లేకపోతే ఆ గొట్టం నిలబడే ఆధారం ఉండదు. జబ్బును నయం చేసే ముఖ్యమైన దారి ఒకటి ఆ స్టీలు పళ్లెంతోపాటే పోయిందని నాకు అప్పుడు అర్థమైంది. వదిన 14 నెలలు బతికింది.

అయ్యా, అమ్మా, ఇది మా ఇంట్లో మాత్రమే జరిగిన వింత అయితే మీకు ఉత్తరం రాసేదాన్ని కాదు. 2015-16లో చేసిన నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3 పైచిలుకు. మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు 9. దేశంలో అన్ని రాష్ట్రాల కంటే మనమే ముందు. దేశమంతటా ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లో అయినవే. నా సర్వీసులో నేను చూసిన పల్లెల్లో నలభై నిండకముందే తీయించుకున్నవాళ్లు వీధికి ఒకరిద్దరు ఉండేవారు. ఎందుకమ్మా అంటే తెల్లబట్ట అని ఒకరు, నడుము నొప్పి అని ఒకరు. డాక్టరు ఏమన్నాడమ్మా అంటే అందరిదీ ఒకే జవాబు: తీయకపోతే క్యాన్సర్ అవుతుందన్నాడు.

అదే సర్వే ఐదో విడత, 2019-21లో, ఇంకో ప్రశ్న కూడా అడిగింది. 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో జీవితంలో ఒక్కసారైనా గర్భసంచి మూతికి క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవాళ్లు ఎందరని. దేశంలో నూటికి ఇద్దరు కూడా లేరు. ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూడమని మిమ్మల్ని వేడుకుంటున్నాను. క్యాన్సర్ పేరు చెప్పి కడుపు కోయడానికి ఏ ఊళ్లోనైనా బల్ల సిద్ధంగా ఉంది. ఆ క్యాన్సర్ ఉందో లేదో చూడడానికి మాత్రం మనిషి లేడు.

సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న ఇచ్చిన తీర్పులో అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను ఆపడానికి కేంద్రం 2022లో తయారు చేసిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ అమలు చేయాలని చెప్పింది. ఆరోగ్య మంత్రిగారూ, ఆ కాగితాలు మీ శాఖలో ఉంటాయి. జిల్లాలో జరిగే ప్రతి గర్భసంచి ఆపరేషన్‌కు లెక్క ఉండాలి. వయసెంత, ఎందుకు తీశారు, ముందు ఏ పరీక్ష చేశారు, తీసినదాన్ని ల్యాబుకు పంపారా, రిపోర్టు ఏమొచ్చింది. ఐదే ప్రశ్నలు. సర్కారు ఆసుపత్రికైనా ప్రైవేటుకైనా ఒకటే ఫారం. ఆ ఫారం ఉంటే మా వదిన పళ్లెం ల్యాబుకు పోయేది. లోపల స్పెక్యులం పెట్టి చూడకుండా కత్తి పట్టే ధైర్యం ఎవరికీ వచ్చేది కాదు.

ఈ జబ్బు ఎంత నెమ్మదిగా వస్తుందో చెబితే మీకు కోపం వస్తుంది. నాకు వచ్చింది. గర్భసంచి మూతి క్యాన్సర్‌కు దాదాపు ఎప్పుడూ కారణం హెచ్‌పీవీ అనే వైరస్. సంసారం చేసే ఆడవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు అది సోకుతుంది, ఎక్కువమందికి దానంతట అదే పోతుంది. కొద్దిమందిలో ఉండిపోతుంది. ఉండిపోయి, మూతి మీద చర్మాన్ని మెల్లగా మార్చుకుంటూ, క్యాన్సర్ కావడానికి 15, 20 ఏళ్లు తీసుకుంటుంది. హెచ్‌ఐవీ ఉన్న ఆడవాళ్లలో మాత్రం ఇంకా త్వరగా వస్తుంది, అందుకే వాళ్లకు పరీక్షలు 25 ఏళ్లకే మొదలుపెట్టి త్వరత్వరగా చేయాలంటారు. వైరస్‌కూ ఈ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని బయటపెట్టిన జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ ఇచ్చారు. ఇంత నెమ్మదిగా వస్తుందంటే, జబ్బు మన గుమ్మంలో ఇరవై ఏళ్లు కూర్చుని ఉంటుంది, లోపలికి రావడానికి. ఒక్కసారి తలుపు తీసి చూస్తే చాలు. అయినా 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఏడాది లక్షా 27 వేలమందికి ఈ క్యాన్సర్ కొత్తగా వచ్చింది, దాదాపు 80 వేలమంది పోయారు.

తలుపు తీసి చూడడం ఎలా ఉంటుందో కూడా చెబుతాను, నేను చూసిందే. ఒకసారి మా పీహెచ్‌సీలో శిబిరం పెట్టారు. హిందూపురం సంతలో పూలు అమ్మే ఒకామె, నలభై లోపు మనిషి, బల్ల మీద పడుకుని మొహం గోడవైపు తిప్పేసుకుంది. డాక్టరమ్మ స్పెక్యులం పెట్టి టార్చి వెలుతురు పట్టమంది. నేను పట్టాను. గర్భసంచి మూతి అనేది లేత గులాబీ రంగులో, చిన్న బొండుమల్లె మొగ్గ అంత గుండ్రంగా కనబడుతుంది. దూదిని ఎసిటిక్ యాసిడ్‌లో ముంచి దానికి అద్దింది. అది మన వంటింటి వెనిగరే, కొలత ప్రకారం కలిపింది. ఒక నిమిషం ఆగమంది. ఆ నిమిషంలో నేను ఆమె చెయ్యి పట్టుకుని పూల ధరలు అడుగుతున్నాను. నిమిషం తర్వాత మొగ్గ అంచున పాలమీగడ తునకలా తెల్లటి మచ్చ తేలింది. అంతే, పరీక్ష అయిపోయింది. అక్కడ ఆ మచ్చను కాల్చే యంత్రం లేదు కాబట్టి పెద్దాసుపత్రికి పోవాలని చీటీ రాశారు. నేనే తోడు పోయాను. అక్కడ ముక్క తీసి చూసి, క్యాన్సర్ కాకముందటి మార్పేనని తేల్చుకుని, ఆ చోటును కాల్చేశారు. మత్తు లేదు, కోత లేదు. ఆమె ఆ సాయంత్రమే ఇంటికి వచ్చి మర్నాడు పూలు కట్టింది. ఇప్పటికీ కడుతూనే ఉంది.

ఆ రోజు శిబిరంలో తెల్లమచ్చ కనబడింది తొమ్మిదిమందికి. తొమ్మిదిమందికీ చీటీలు రాశారు. పోయింది ముగ్గురు. మిగతావాళ్లలో ఒకరి భర్త వద్దన్నాడు, ఒకరికి వేరుశనగ పీకే రోజులు, ఒకరికి బిడ్డ కాన్పు. అందరికీ తోడు పోయే తీరిక నాకు దొరకలేదు. అప్పట్లో నా మీద టార్గెట్లు వేరే ఉండేవి.

అందువల్ల చీటీ రాసే శిబిరాలు వద్దు మంత్రిగారూ. కనబడిన రోజే, కనబడిన చోటే వైద్యం అయ్యేలా చూడండి. ఇప్పుడు తేలిక యంత్రాలు వచ్చాయి. చేత పట్టుకునే గొట్టంలా ఉంటాయి, బ్యాటరీ మీద నడుస్తాయి, కొస 100 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, అర నిమిషం ఆనిస్తే ఆ చోటు మాడిపోతుంది. థర్మల్ అబ్లేషన్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే సరే అంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం సర్కారు ఆసుపత్రుల్లో ఒక్కో యంత్రం, దాన్ని పట్టడం వచ్చిన ఒక్కో డాక్టరు లేదా నర్సు, వారంలో ఒక రోజు ఖాయంగా. సంత రోజున వద్దు. సంత రోజున ఎవరూ రారు.

నర్సులు ఏం చేయగలరని అనే పెద్దలు ఉన్నారు. ముంబయిలో టాటా మెమోరియల్ వాళ్లు మురికివాడల్లోని లక్షన్నరమంది ఆడవాళ్ల మీద ఈ వెనిగర్ పరీక్షను పరిశీలించారు. చేసింది డాక్టర్లు కాదు, పదో తరగతి చదివి శిక్షణ తీసుకున్న ఆడపిల్లలు. ఆ పరీక్ష జరిగినవాళ్లలో ఈ క్యాన్సర్ చావులు 31 శాతం తగ్గాయని 2013లో ప్రకటించారు. మహారాష్ట్రలోనే అప్పటి ఉస్మానాబాద్ జిల్లా పల్లెల్లో లక్షా 30 వేలమందితో ఇంకో అధ్యయనం జరిగింది. అక్కడ కొన్ని పల్లెల్లో హెచ్‌పీవీ వైరస్ పరీక్ష జీవితంలో ఒక్కసారే చేశారు. ఎనిమిదేళ్లలో చావులు సగానికి దగ్గరగా పడిపోయాయి. 2009లో ఆ ఫలితం వచ్చింది. కరువు జిల్లా, జొన్న పండే నేల, మనలాంటి జనమే.

ఆ వైరస్ పరీక్షకు ఇంకో సుగుణం ఉంది. బల్ల ఎక్కక్కరలేదు. దూది పుల్ల ఇస్తే ఆడమనిషి స్నానాల గదిలోకి పోయి, తనే లోపల తిప్పి, గొట్టంలో పెట్టి ఇచ్చేయొచ్చు. మా వదినలాంటివాళ్లకు ఇది ఎంత పెద్ద మాటో మీకు ఎలా చెప్పాలి! మొహం గోడవైపు తిప్పుకునే పని లేదు, ఎవరికీ ఏమీ చూపించే పని లేదు. క్షయకూ, కోవిడ్ కాలంలో కరోనాకూ వాడిన ట్రూనాట్ యంత్రాల మీద ఈ పరీక్ష కూడా చేయవచ్చు. వైరస్ లేదని వస్తే ఐదేళ్లు, ఇంకా కావాలంటే పదేళ్లు కూడా ఆమె జోలికి పోనక్కరలేదు. ఉందని వస్తేనే ఆసుపత్రికి రమ్మనాలి. అప్పుడు ఏఎన్ఎం నూరుమంది వెంట పడక్కరలేదు, నూటికి ఏడెనిమిది మంది వెంట పడితే చాలు. ఆ వెంటపడే మనిషికి మాత్రం వేరే టార్గెట్లు పెట్టకండి. ఆమెకు ఆ పని ఒక్కటే ఉండాలి. బస్సు ఛార్జీ చేతిలో ఉండాలి. తొమ్మిదిమందిలో ఆరుగురు ఎందుకు రాలేదో ఇళ్లకు పోయి అడగగలిగే ఓపిక ఉండాలి.

సవితమ్మగారూ, ఇప్పుడు మీతో. పాజిటివ్ వచ్చిందని ఫోన్ చేస్తే మగ్గం ఇంటావిడ వెంటనే రాదు. అచ్చు ఎక్కించి ఉంటుంది, సేటుకు చీర ఇవ్వాల్సిన రోజు దగ్గరపడుతుంది. ఆమె కండె చుట్టకపోతే ఆయన నేత ఆగుతుంది. ధర్మవరంలో, సోమందేపల్లిలో ఈ లెక్క మీకు నేను చెప్పేపని లేదు. పరీక్షకూ వైద్యానికీ వచ్చిన రోజున ఆ ఇంటికి కూలి నష్టం లేకుండా మీ చేనేత శాఖ ఏదో ఒక దారి చూపగలదు. పుల్ల పరీక్షను చేనేత కాలనీల్లోకే పంపగలరు. హిందూపురం చుట్టూ ఉన్న గార్మెంట్ ఫ్యాక్టరీల్లో షిఫ్టు మధ్యలో పదిహేను నిమిషాలు ఇప్పించగలరు. లోపల ఆడవాళ్లే ఎక్కువ, వాళ్లలో ముప్పై దాటినవాళ్లు వందల్లో ఉంటారు.

ఇంకొకటి, ఇది కాస్త ఎక్కువసేపు చెబుతాను. బీసీ హాస్టళ్లూ, మహాత్మా జ్యోతిబా ఫూలే గురుకులాలూ మీ శాఖలోనివే. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేస్తే ఈ క్యాన్సర్ చాలావరకు దరికి రాదు. 2022లో అనుమతి పొందిన సెర్వవాక్ మన దేశంలో తయారైందే. ఒక్క డోసుతో కూడా మంచి రక్షణ దొరుకుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే ఏడాది చెప్పింది. స్కాట్లండులో 12, 13 ఏళ్లకే టీకా వేయించుకున్న ఆడపిల్లలు పెద్దయ్యాక వాళ్లలో ఒక్కరికి కూడా ఈ క్యాన్సర్ కనబడలేదని 2024లో లెక్క వచ్చింది. కానీ ఈ టీకా అంటే తెలుగు తల్లులకు భయం ఉంది, ఆ భయం ఊరికే రాలేదు. 2009 జులైలో అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలంతో సహా మూడు మండలాల్లో దాదాపు 14 వేలమంది ఆడపిల్లలకు ఒక పరిశీలన కింద ఈ టీకాలు వేశారు. హాస్టళ్లలో ఉన్న గిరిజన పిల్లలు ఎందరో. సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయారు, గొడవైంది, 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. చావులకు టీకా కారణం కాదని విచారణలో తేలింది. కానీ అడగకుండా, చెప్పకుండా వేసిన తప్పు తప్పుగానే నిలిచింది. 2013లో పార్లమెంటు సంఘం దాన్ని గట్టిగా తప్పుపట్టింది. ఆ తప్పు వల్ల ఎన్ని ఏళ్లు, ఎంతమంది పిల్లలు టీకా లేకుండా పెద్దవాళ్లయ్యారో ఆలోచిస్తే గుండె బరువెక్కుతుంది.

అందుకని వార్డెన్‌తో సంతకం పెట్టించకండి. దసరా, సంక్రాంతి సెలవుల ముందు పిల్లలను తీసుకుపోవడానికి తల్లులు హాస్టళ్లకు వస్తారు. ఆ రోజున కూర్చోబెట్టి చెప్పండి, ప్రశ్నలు అడగనివ్వండి, ఇంటికి పోయి ఆలోచించుకుని రమ్మనండి. సిక్కింలో 2018లో బడుల్లో ఇలాగే ముందు నుంచి తల్లిదండ్రులకు చెప్పుకుంటూ వచ్చి, నూటికి 95 మందికి పైగా ఆడపిల్లలకు వేయగలిగారు. ఆ తల్లులు ఆలోచించుకుని మళ్లీ వచ్చిన రోజే వాళ్లకు కూడా పుల్ల పరీక్ష చేస్తే ఒక్క ప్రయాణంలో తల్లికీ కూతురికీ పని అయిపోతుంది.

మూతి క్యాన్సర్ గురించే ఇంతసేపు రాశాను. దానికి ముందే పట్టుకునే దారి ఉంది కాబట్టి. అండాశయం క్యాన్సర్‌కు అలాంటి పరీక్ష ఇంకా రాలేదు. కడుపు ఉబ్బరం, రెండు ముద్దలకే నిండిపోవడం, ఊరికే మూత్రానికి పోవాలనిపించడం, ఇవి నెలల తరబడి ఉంటే గ్యాస్ మాత్రలతో సరిపెట్టకూడదని ప్రతి మందుల షాపు వాడికీ ఆర్ఎంపీకీ చెప్పి ఉంచాలి. ఇక గర్భసంచి లోపలి పొరకు వచ్చే క్యాన్సర్ తనంత తానే చాటుకుంటుంది, ముట్లు నిలిచాక వచ్చే రక్తంతో. ఒంట్లో కొవ్వు, షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువ. ముట్లు ఆగిన ఏడాది తర్వాత ఒక్క చుక్క కనబడినా ముక్క పరీక్ష చేయాలి. ఈ ఒక్క మాటను మూడు ఊళ్లలో ప్రతి ఆశా కార్యకర్తతో ప్రతి ఇంట్లో చెప్పించినా మా వదినలాంటివాళ్లు కొందరు మిగులుతారు.

మళ్లీ రైలు దగ్గరికి వస్తాను. జబ్బు బయటపడ్డాక పోవాల్సిన చోటు దూరం. హిందూపురం నుంచి బెంగళూరు వంద కిలోమీటర్ల పైచిలుకు, కర్నూలు అంతకు రెండింతలు మించి. మా వాళ్లు ఎక్కువమంది బెంగళూరు కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రికే పోతారు. ఉచిత వైద్యం మనకు కొత్త కాదు. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మన అనంతపురం ఒకటి. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు చాలా ఇళ్లలో ఉంది. కానీ కార్డు ఆపరేషన్‌కీ మందులకీ. వెంట వచ్చిన మనిషి తిండికీ, గది అద్దెకీ, రెండు నెలలు పోయిన కూలికీ కాదు. కరెంటు పెట్టడం మొదలుపెట్టాక బయటిదీ లోపలిదీ కలిపి ఎనిమిది వారాల్లో పూర్తవ్వాలని డాక్టర్లు చెబుతారు. మధ్యలో ఆగితే జబ్బు నయమయ్యే అవకాశం తగ్గుతూ పోతుంది. ఎంతమంది మధ్యలో ఆగిపోయి ఇంటికి వచ్చేశారో నాకు తెలుసు. మేక అమ్ముకుని పోయిన డబ్బు మూడో వారానికి అయిపోతుంది.

పెనుకొండకు వైద్య కళాశాల మంజూరైంది. అది ఏ దారిన పూర్తవుతుందనే వాదంలోకి నేను పోను. ఎవరు కట్టినా, ఎలా కట్టినా అందులో కరెంటు యంత్రం, లోపలి కరెంటు గది ఉండాలని ముందే కాగితం మీద రాయించండి. అది వచ్చేదాకా బెంగళూరులోనో కర్నూలులోనో మా ఆడవాళ్లు ఎనిమిది వారాలు పడుకోవడానికి ఒక చోటు చూపించండి. పెద్ద భవనం అక్కర్లేదు. నాలుగు గదులు, ఒక వంటగది, తెలుగు తెలిసిన ఒక మనిషి.

బాలకృష్ణ గారూ, మిమ్మల్ని హైదరాబాదు ఆసుపత్రిలో ఇంకో అంతస్తు కట్టమని అడగడం లేదు. ఇక్కడికి నెలకోసారి ఒక క్యాన్సర్ డాక్టరమ్మను పంపండి, మా నర్సులకు చేతిపని నేర్పించండి. మూడు ఊళ్లలో తీసిన ముక్కలను, తీసిన గర్భసంచులను చదివిపెట్టే ఒక పాథాలజీ ల్యాబును మీ ఆసుపత్రితో కలపండి. రిపోర్టు వారంలో రావాలి. నెల దాటితే రోగి మళ్లీ రాదు, ఇది నేను ప్రమాణం చేసి చెప్పగలను. మీ సినిమా విడుదలైన రోజు హిందూపురంలో ఎంత సందడో నేను ఏళ్లుగా చూస్తున్నాను. ఒక్కసారి మీరే మైకు పట్టుకుని, మా అమ్మ క్యాన్సర్‌తో పోయింది, మీ అమ్మను పరీక్షకు తీసుకురండి అని ఆ కుర్రాళ్లతో అంటే, మా ఏఎన్ఎంలు పదేళ్లు తిరిగినా రానంత మంది ఆ వారంలో వస్తారు. మగపిల్లలు అమ్మను పరీక్షకు తీసుకురావడం అనేది మా ఊళ్లలో ఇంతవరకు నేను చూడలేదు. చూడాలని ఉంది.

నాకు పెన్షన్ వస్తుంది, కాళ్లు ఇంకా సత్తువగానే ఉన్నాయి. ధర్మవరం ఆసుపత్రిలో ఆ వారపు గది తెరిస్తే చెప్పండి. పొద్దున రైలుకు వచ్చి బయట బెంచీ మీద కూర్చుంటాను. లోపలికి పోవడానికి సిగ్గుపడే ఆడవాళ్ల చెయ్యి పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి కదా. పుల్ల ఎలా తిప్పుకోవాలో నేను చెబుతాను. రాని ఆరుగురి ఇళ్లకు కూడా నేనే పోతాను, మొదట మా అన్నవాళ్ల వీధి నుంచి మొదలుపెడతాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఏఎన్ఎం,
హిందూపురం